రంగస్థలం కంటే ముందు పుస్తకం: ఇబ్సెన్ నాటకాలు ప్రపంచానికి చేరిన దారి

సంక్షిప్తంగా: పందొమ్మిదో శతాబ్దపు నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ ఖ్యాతికి ఆయన ఎత్తుకున్న సామాజిక సమస్యలే కారణమన్నది వాడుకలో ఉన్న వివరణ. అవే సమస్యలపై ఆయనకంటే ముందే నాటకాలు రాసినవారు నార్వేలోనే ఉన్నారు. ఇబ్సెన్ నాటకాలు మొదట పుస్తకాలుగా అమ్ముడయ్యాయి, ఆ తర్వాతే వేదిక ఎక్కాయి. వాటి నిర్మాణం, వాటికి ఎదురైన నిషేధాలు, అనువాదాల్లో మారిపోయిన ముగింపులు, దేశాంతర వ్యాప్తి చాలావరకు ఈ ఒక్క విషయంతో ముడిపడి ఉన్నాయి.

తెలుగు పాఠకులలో ఎక్కువమందికి ఇబ్సెన్ ఒకే దృశ్యం ద్వారా పరిచయం. 'డాల్స్ హౌస్' నాటకం చివర భర్తను, ముగ్గురు పిల్లలను వదిలి నోరా ఇల్లు దాటి వెళుతుంది, కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపిస్తుంది, తెర పడుతుంది. ఈ దృశ్యం కారణంగా ఆయనకు స్త్రీ హక్కుల ప్రచారకుడు, సంఘసంస్కర్త అనే ముద్రలు పడ్డాయి. ఆ ముద్రల్లో కొంత నిజముంది. అయితే యూరప్‌లో ఒక మూలన, నార్వే, డెన్మార్క్ రెండు దేశాల జనాభా కలిపినా నలభై లక్షలకు చేరని భాషలో రాసిన వ్యక్తి ఇరవై ఏళ్లలోపే బెర్లిన్, పారిస్, లండన్ నాటకరంగాలను ఎలా కుదిపివేయగలిగాడు అన్న ప్రశ్నకు మాత్రం అవి సమాధానం చెప్పవు.

సమస్యలను వేదికపైకి తేవడమే కారణమైతే ఆ గౌరవం ముందుగా బ్యోర్న్‌స్టియెర్నె బ్యోర్న్‌సన్‌కు దక్కాలి. ఇబ్సెన్‌కు సమకాలికుడు, స్వదేశంలో అప్పట్లో ఆయనకంటే ఎక్కువ ప్రజాదరణ పొందినవాడు, 1903లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు బ్యోర్న్‌సన్. వ్యాపారి దివాలా మీద, పత్రికా సంపాదకుడి మీద ఆయన నాటకాలు 1875లోనే వచ్చాయి. ఇబ్సెన్ తొలి సామాజిక నాటకం 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' మరో రెండేళ్లకు గానీ రాలేదు. బ్యోర్న్‌సన్ దివాలా నాటకంలో వ్యాపారి పశ్చాత్తాపపడతాడు, కుటుంబం కలిసి కష్టపడుతుంది, కథ సర్దుకుంటుంది. ఆ నాటకాన్ని ఇప్పుడు నార్వే బయట ప్రదర్శించేవారు అరుదు. ఈ తేడాకు మూలం ఇబ్సెన్ వృత్తిజీవితం నడిచిన తీరులో వెతకాలి.

అప్పులు, విఫలమైన థియేటర్లు

ఇబ్సెన్ 1828 మార్చి 20న దక్షిణ నార్వేలోని షీన్ అనే కలప వ్యాపార పట్టణంలో జన్మించాడు. ఆయన బాల్యంలోనే తండ్రి క్నుద్ ఇబ్సెన్ వ్యాపారం కుప్పకూలింది. పట్టణంలోని ఇల్లు వదిలి కుటుంబం శివారులోని వెన్‌స్టోప్ అనే పొలం ఇంటికి మారింది. పదిహేనేళ్ల వయసులో హెన్రిక్ గ్రిమ్‌స్టాడ్ అనే చిన్న ఓడరేవుకు వెళ్లి మందుల దుకాణంలో సహాయకుడిగా చేరాడు. అక్కడ ఆ ఇంటి పనిమనిషి ద్వారా ఆయనకు ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పోషణకు పద్నాలుగేళ్లు డబ్బు చెల్లించాల్సి వచ్చింది. దివాలా, దాచిన గతం, డబ్బు వల్ల కుదిరిన పెళ్లిళ్లు, తండ్రి చేసిన పనికి పిల్లలు చెల్లించే మూల్యం ఆయన నాటకాల్లో పదే పదే రావడానికి ఈ నేపథ్యాన్నే కారణంగా చూపడం జీవితచరిత్రకారుల అలవాటు. ఆ సంబంధాన్ని కాదనలేం గానీ, దివాలా తీసిన ఇళ్లలో పుట్టిన వారందరూ నాటకకర్తలు కాలేదు. ఆయన పొందిన శిక్షణ అంతకంటే ముఖ్యం.

తొలి నాటకం 'కాటిలినా' 1850లో మారుపేరుతో, ఒక స్నేహితుడి ఖర్చుతో, 250 ప్రతులుగా అచ్చయింది. అమ్ముడైనవి చాలా కొద్ది. మిగిలినవి చివరకు పొట్లాలు కట్టుకోవడానికి చిల్లర వ్యాపారి చేతికి పోయాయి. మరుసటి ఏడాది వయొలిన్ విద్వాంసుడు ఓలె బుల్, తాను బెర్గెన్‌లో స్థాపించిన నార్వేజియన్ థియేటర్‌లో ఇబ్సెన్‌కు ఉద్యోగమిచ్చాడు. ఏటా జనవరి 2న, అంటే థియేటర్ వార్షికోత్సవం నాడు, ఒక కొత్త నాటకం ఇవ్వాలన్నది ఆ ఉద్యోగంలో ఒక షరతు. 1857 వరకు అక్కడ, 1862 వరకు రాజధాని క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, ఆయన వందకు పైగా నాటకాల ప్రదర్శనలో పాలుపంచుకున్నాడు. వాటిలో సింహభాగం ఫ్రెంచి నాటకాల అనువాదాలు, ముఖ్యంగా యూజీన్ స్క్రీబ్ తరహావి. దాచిన ఉత్తరం, సమయానికి తట్టే తలుపు, ఒక్కో అంకం చివర బయటపడే రహస్యం వంటి యంత్రాంగమంతా ఇబ్సెన్‌కు ఈ పదకొండేళ్లలో కంఠతా వచ్చింది. ఆ విద్య నేర్పిన థియేటర్ మాత్రం ఆయనను పోషించలేకపోయింది. క్రిస్టియానియాలో ఆయన పనిచేసిన థియేటర్ 1862లో దివాలా తీసింది, ఆయన అప్పుల్లో కూరుకుపోయాడు. 1864లో కొద్దిపాటి ప్రభుత్వ సాయంతో, స్నేహితులు పోగుచేసిన సొమ్ముతో ఇటలీ వెళ్లాడు. ఆ తర్వాత రోమ్, డ్రెస్డెన్, మ్యూనిక్ నగరాల్లో ఇరవై ఏడేళ్లు గడిపి 1891లో గానీ స్వదేశంలో స్థిరపడలేదు.

కోపెన్‌హేగెన్ ప్రచురణకర్త

దాదాపు నాలుగు శతాబ్దాల డెన్మార్క్ పాలన నుంచి నార్వే 1814లో విడిపోయింది గానీ, ఆ వెంటనే స్వీడన్ రాజు కిందికి వెళ్లింది. ఆ కలయిక 1905 వరకు కొనసాగింది. పాలకులు మారినా రాతభాష డేనిష్‌గానే ఉండిపోయింది. మాట్లాడే నార్వేజియన్ వేరుగా వినిపించినా, చదువుకున్నవారు రాసేది కోపెన్‌హేగెన్‌లో రాసేదానికి చాలా దగ్గరగా ఉండేది. జాతీయవాదులకు ఇది అవమానం, పుస్తక వ్యాపారులకు మాత్రం అవకాశం. నార్వేలో రాసిన పుస్తకం అనువాదం అక్కర్లేకుండా డెన్మార్క్‌లో అమ్ముడయ్యేది, స్వీడన్‌లో చదువుకున్నవారూ దాన్ని చదవగలిగేవారు.

బ్యోర్న్‌సన్ చొరవతో ఇబ్సెన్‌కు కోపెన్‌హేగెన్‌లోని గిల్డెన్‌డాల్ సంస్థ అధిపతి ఫ్రెడరిక్ హేగెల్ పరిచయమయ్యాడు. ఈ ఇద్దరు రచయితలూ తర్వాత చాలాకాలం మాట్లాడుకోలేదు, మళ్లీ కలిశారు, చివరకు వియ్యంకులయ్యారు. ఆ సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క పరిచయం ఇబ్సెన్ ఆర్థిక స్థితిని మలుపు తిప్పింది. 1866లో గిల్డెన్‌డాల్ 'బ్రాండ్' అనే పద్యనాటకాన్ని 1,250 ప్రతులు వేసింది. అది వేదిక కోసం రాసింది కాదు. చదువుకోవడానికి రాసిన ఆ కావ్యం అదే ఏడాది మళ్లీ మళ్లీ అచ్చయింది. నార్వే పార్లమెంటు ఆయనకు ఏటా 400 స్పెసీడాలర్ల (నాటి నార్వే నాణెం) కవి వేతనం మంజూరు చేసింది. మరుసటి ఏడాది వచ్చిన 'పేర్ గింట్' కూడా మొదట పుస్తకమే. ఎడ్వర్డ్ గ్రీగ్ సంగీతంతో అది వేదిక ఎక్కింది 1876లో, అంటే తొమ్మిదేళ్ల తర్వాత.

1877 నుంచి ఈ ఏర్పాటు ఒక క్రమబద్ధమైన చక్రంగా స్థిరపడింది. సుమారు రెండేళ్లకొక నాటకం, అదీ ఎక్కువగా క్రిస్మస్ పుస్తకాల గిరాకీకి ముందు, గిల్డెన్‌డాల్ నుంచి వెలువడేది. స్కాండినేవియాలో క్రిస్మస్ కానుకగా పుస్తకం ఇవ్వడం మధ్యతరగతి అలవాటు. పుస్తకం వచ్చేవరకు ఇతివృత్తం బయటికి పొక్కకుండా ఇబ్సెన్ జాగ్రత్తపడేవాడు. 'డాల్స్ హౌస్' 1879 డిసెంబర్ 4న 8,000 ప్రతులతో వచ్చింది. అవి అయిపోయి జనవరిలో 3,000, మార్చిలో 2,500 ప్రతులు వేయాల్సి వచ్చింది. కోపెన్‌హేగెన్ రాయల్ థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగింది డిసెంబర్ 21న. అప్పటికి పుస్తకం బజారులోకి వచ్చి పదిహేడు రోజులైంది. ప్రేక్షకుల్లో చాలామంది ముగింపు తెలిసే వచ్చి ఉంటారు. వారికి ఆ సాయంత్రం మిగిలింది నోరా వెళుతుందా లేదా అన్న ఉత్కంఠ కాదు, ఆమె వెళ్లడం సబబా కాదా అన్న తగాదా.

చదివేవారి కోసం కట్టిన నాటకం

పుస్తకంగా అమ్ముడయ్యే నాటకం ఎలా ఉండాలన్నది ఇబ్సెన్ శిల్పాన్ని లోపలినుంచి మార్చింది. 'డాల్స్ హౌస్' తెర లేచేముందు గదిని వర్ణించే పేరా రంగాలంకరణ చేసేవారికి ఎంత ఉపయోగమో, ఇంట్లో కూర్చుని చదివే పాఠకుడికీ అంతే అవసరం. పియానో, చలికాలపు పొయ్యి, అందంగా బైండు చేసిన పుస్తకాల అర, అభిరుచి కనిపిస్తూనే ఆడంబరం లేని సామాను ఆ కుటుంబపు ఆదాయాన్ని, ఆశలను ముందే చెప్పేస్తాయి. మొదటి సంభాషణే డబ్బు గురించి. క్రిస్మస్ చెట్టు మోసుకొచ్చిన కూలివాడు యాభై ఓరెలు అడిగితే నోరా ఒక క్రోన్, అంటే వంద ఓరెలు, ఇచ్చి చిల్లర ఉంచుకోమంటుంది. ఆమె ఖర్చు చేసే తీరు, భర్త టోర్వాల్డ్ హెల్మర్ దాన్ని మందలించే తీరు రెండు పేజీల్లోనే తేలిపోతాయి.

కథలోని అసలు సంఘటన తెర లేవడానికి ఏళ్ల ముందే జరిగిపోయింది. భర్త ఆరోగ్యం కోసం ఇటలీ ప్రయాణానికి నోరా క్రోగ్‌స్టాడ్ అనే వ్యక్తి దగ్గర 1,200 స్పెసీడాలర్లు, అంటే 4,800 క్రోన్లు అప్పు చేసింది. భర్త సమ్మతి లేకుండా భార్య అప్పు చేయడానికి నాటి చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి నాటకంలో నోరా స్నేహితురాలే గుర్తుచేస్తుంది. పూచీగా తండ్రి సంతకం కావాలి, తండ్రి మరణశయ్య మీద ఉన్నాడు, ఆయన పేరును నోరాయే రాసింది. ప్రోనోటు మీద సంతకం కింద ఉన్న తేదీ అక్టోబర్ 2. తండ్రి చనిపోయింది సెప్టెంబర్ 29న. మూడు రోజుల తేడా చాలు, నేరం రుజువవుతుంది. వేదికపై మూడు రోజుల్లో నడిచేదంతా ఈ పాత కాగితం చుట్టూ తిరిగే విచారణే.

ప్రాచీన గ్రీకు నాటకంలోనూ గతాన్ని తవ్వి తీసే ఈ పద్ధతి ఉంది. స్క్రీబ్ నుంచి వచ్చిన ఉత్తరం, తాళం వేసిన ఉత్తరాల పెట్టె, బెదిరింపు వంటి సరంజామానూ ఇబ్సెన్ వదులుకోలేదు. ఆయన మార్పు చివర్లో ఉంది. ఫ్రెంచి నమూనా ప్రకారం క్రోగ్‌స్టాడ్ ప్రోనోటు తిరిగి పంపగానే నాటకం అయిపోవాలి, భార్యాభర్తలు కౌగిలించుకోవాలి. ఇక్కడ ఆ కాగితం తిరిగి వచ్చాకే అసలు నాటకం మొదలవుతుంది. నోరా దుస్తులు మార్చుకుని వచ్చి భర్తను కూర్చోమంటుంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఇద్దరూ గంభీరంగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి అంటుంది. కథ ముగిసిన చోట చర్చ మొదలుకావడమే ఇబ్సెన్ తెచ్చిన కొత్త పద్ధతి అని బెర్నార్డ్ షా గుర్తించాడు. చర్చ పుస్తకంలో బాగా నిలుస్తుంది. పాఠకుడు వెనక్కి తిరిగి మొదటి అంకం మళ్లీ చదివితే చిలిపి మాటలుగా తోచినవే సాక్ష్యాలుగా మారతాయి. వేదిక మీద ఒకసారి చూసే ప్రేక్షకుడికి ఆ వెసులుబాటు ఉండదు.

కాపీరైట్ లేని ముగింపు

పుస్తకం సులభంగా సరిహద్దులు దాటుతుంది. దాని వెంట రచయిత హక్కులు దాటవు. సాహిత్య హక్కులపై బెర్న్ ఒడంబడిక 1886లో కుదిరినా నార్వే 1896లో, డెన్మార్క్ 1903లో గానీ అందులో చేరలేదు. అందువల్ల ఆయన ప్రధాన రచనలు చాలావరకు వెలువడిన కాలంలో జర్మనీలో ఎవరైనా వాటిని అనువదించవచ్చు, మార్చవచ్చు, రచయితకు ఏమీ ఇవ్వకుండా ప్రదర్శించవచ్చు.

1880లో ఉత్తర జర్మనీలో నోరా పాత్ర వేయబోతున్న ప్రసిద్ధ నటి హెడ్విగ్ నీమన్-రాబె తాను పిల్లలను వదిలి వెళ్లే తల్లిగా నటించలేనంది. ఎవరో ఒకరు ముగింపు మార్చడం ఖాయమని తేలాక, ఆ పని పరాయివారి చేతికి వదలడం కంటే తానే చేయడం మేలని ఇబ్సెన్ నిర్ణయించుకున్నాడు. ఆయన రాసిన ప్రత్యామ్నాయంలో హెల్మర్ నోరాను పిల్లల పడకగది గుమ్మం దాకా తీసుకెళతాడు, ఆమె అక్కడే కూలబడుతుంది, తెర పడుతుంది. ఒక డేనిష్ పత్రికకు రాసిన బహిరంగ లేఖలో ఇబ్సెన్ దీన్ని నాటకంపై జరిగిన అనాగరిక హింసగా వర్ణించాడు. ఈ ఉదంతాన్ని రచయిత రాజీపడిన సందర్భంగా చెప్పేవారున్నారు. చట్టం ఆయనకు మిగిల్చిన రెండు దారుల్లో అది తక్కువ నష్టం కలిగించేది అనుకోవడమే న్యాయం. అసలు ముగింపు జర్మన్ వేదికపై త్వరలోనే నిలదొక్కుకుంది. ఇంగ్లండ్‌లో 1884లో వచ్చిన 'బ్రేకింగ్ ఎ బటర్‌ఫ్లై' అనే అనుసరణలో మాత్రం భార్య ఇల్లు కదలనే కదలదు. విలియం ఆర్చర్ అనువాదంతో అసలు నాటకం లండన్‌లో ఆడింది 1889లో.

మూసిన తలుపులు, తిరిగిన ప్రతులు

పుస్తకం ముందు, ప్రదర్శన తర్వాత అన్న క్రమం ఎంత శక్తివంతమో 'గోస్ట్స్' రుజువు చేసింది. 1881 డిసెంబర్‌లో అది 10,000 ప్రతులుగా వచ్చింది. గౌరవనీయుడిగా పేరున్న కెప్టెన్ ఆల్వింగ్ నిజానికి వ్యభిచారి, ఆయన సుఖవ్యాధి కొడుకు ఆస్వాల్డ్‌కు సంక్రమించింది, మర్యాద కోసం ఆ నిజాన్ని తల్లి దాచింది. కారుణ్య మరణం, అన్నాచెల్లెళ్ల మధ్య సంబంధం వంటి ప్రస్తావనలూ ఉన్నాయి. క్రిస్మస్ కానుకగా ఇచ్చుకునే పుస్తకం కాదది. దుకాణదారులు కట్టలు కట్టలుగా తిప్పి పంపారు, రెండో ముద్రణకు 1894 దాకా ఆగాల్సి వచ్చింది. కోపెన్‌హేగెన్, స్టాక్‌హోమ్, క్రిస్టియానియా ప్రధాన థియేటర్లు నాటకాన్ని తిరస్కరించాయి.

మామూలుగా థియేటర్ తిరస్కరించిన నాటకం అక్కడితో సమసిపోతుంది. దీని ప్రతులు అప్పటికే చేతులు మారుతూ ఉన్నాయి. 1882 మే నెలలో షికాగోలో డేనిష్, నార్వేజియన్ వలసదారులు తమ భాషలోనే దీన్ని ప్రదర్శించారు. ఆధునిక నాటక చరిత్రలో మైలురాయి అనదగిన నాటకపు ప్రపంచ తొలి ప్రదర్శన రచయిత స్వదేశానికి వేల మైళ్ల దూరంలో, వలస కూలీలూ చిరువ్యాపారులూ ఉండే పేటలో జరిగింది. ఆ పైన సెన్సార్‌ను తప్పించుకోవడానికి పుట్టిన చిన్న నాటక సంఘాలకు ఇదే ఆయుధమైంది. బెర్లిన్‌లో ఫ్రైయె బ్యూనె 1889లో తన ప్రస్థానాన్ని 'గోస్ట్స్'తో ఆరంభించింది. పారిస్‌లో దర్శకుడు ఆంద్రే ఆంత్వాన్ 1890లో, లండన్‌లో ఇండిపెండెంట్ థియేటర్ 1891 మార్చి 13న దీన్నే ప్రదర్శించాయి. అప్పట్లో లండన్‌లో ఏ నాటకానికైనా నాటకాలను సెన్సార్ చేసే రాజోద్యోగి లార్డ్ చాంబర్లేన్ అనుమతి ఉండాలి. సభ్యులకు మాత్రమే జరిగే ప్రైవేటు ప్రదర్శనకు ఆ అనుమతి అక్కర్లేకపోయేది. ఆ సందు గుండా వచ్చిన నాటకాన్ని 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక మూతలేని మురుగుకాలువతో పోల్చింది. బహిరంగ ప్రదర్శనకు అక్కడ 1914 వరకు అనుమతి రాలేదు, అప్పటికి ఇబ్సెన్ చనిపోయి ఎనిమిదేళ్లు.

ఈ తిరస్కారాల వేడిలోనే 'ఎనిమీ ఆఫ్ ది పీపుల్' 1882లో, అంటే అలవాటైన రెండేళ్ల విరామం కూడా లేకుండా వచ్చింది. ఆరోగ్య స్నానశాలల నీరు కలుషితమైందని కనుగొన్న డాక్టర్ స్టాక్‌మన్‌ను పట్టణ ఆదాయం దెబ్బతింటుందన్న భయంతో మేయరైన సొంత అన్న, ఉదారవాద పత్రిక, ఇంటి యజమానుల సంఘం కలిసి ప్రజాశత్రువుగా ప్రకటిస్తారు. ఛాందసులతో పాటు తనను సమర్థించాల్సిన ఉదారవాదులూ మౌనం వహించారన్న ఇబ్సెన్ ఫిర్యాదు ఆ పత్రికా సంపాదకుడి పాత్రలో స్పష్టంగా వినిపిస్తుంది.

స్త్రీల హక్కుల ప్రశ్న

ఇబ్సెన్ స్త్రీవాదా కాదా అన్న చర్చలో ఇరుపక్షాలకూ ఆయన మాటల్లోనే ఆధారాలు దొరుకుతాయి. 1878 అక్టోబర్‌లో రోమ్‌లో 'డాల్స్ హౌస్' కోసం రాసుకున్న టిప్పణిలో, పురుషులు చేసిన చట్టాలతో, పురుష దృష్టితో తీర్పు చెప్పే సమాజంలో స్త్రీ తనలా తాను ఉండలేదని రాశాడు. వివాహిత స్త్రీలకు ప్రత్యేక ఆస్తి హక్కు కోరుతూ 1884లో పార్లమెంటుకు వెళ్లిన విజ్ఞప్తిపై బ్యోర్న్‌సన్ తదితరులతో పాటు సంతకం చేశాడు. నార్వేలో వివాహిత స్త్రీల చట్టపరమైన స్థితిని మార్చిన శాసనం 1888లో వచ్చింది. అయితే 1898లో నార్వే మహిళా హక్కుల సంఘం సత్కరించినప్పుడు, తాను తెలిసి ఆ ఉద్యమం కోసం పనిచేయలేదని, జనం అనుకునే దానికంటే తాను ఎక్కువ కవినని, తక్కువ సామాజిక తత్త్వవేత్తనని చెప్పాడు.

ఈ రెంటినీ పరస్పర విరుద్ధాలుగా చూడనక్కర్లేదు. నోరా తర్వాత వచ్చిన కథానాయికలు ఆదర్శ స్త్రీలు కారు. అదే పేరున్న నాటకంలోని హెడ్డా గాబ్లర్ తెలివైనది, విసిగిపోయినది, ఇతరుల జీవితాలను కాల్చిపారేసేది. ఆమె మీద ఏ ఉద్యమమూ జెండా ఎగరేయలేదు. చట్టం ఎలా ఉండాలన్నది సంతకం పెట్టిన పౌరుడి వ్యవహారం. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం ఎంతకాలం నిలుస్తుందన్నది నాటకకర్త వ్యవహారం. 1884లోనే వచ్చిన 'వైల్డ్ డక్'లో నిజం చెప్పి తీరాలన్న పట్టుదలే ఒక బాలిక ప్రాణం తీస్తుంది. 'డాల్స్ హౌస్'కు జైకొట్టినవారిని ఆ నాటకం ఇబ్బంది పెట్టడం సహజమే.

తర్వాతి దశలో సామాజిక చర్చ తగ్గి, 'మాస్టర్ బిల్డర్' నుంచి 1899 నాటి 'వెన్ వియ్ డెడ్ అవేకెన్' దాకా వయసు మళ్లిన కళాకారులు, అధికారదాహులు తమ జీవితానికి తామే లెక్క అప్పజెప్పుకునే నాటకాలు వచ్చాయి. 1900 నుంచి పక్షవాతపు దెబ్బలు ఆయన కలాన్ని ఆపేశాయి. 1906 మే 23న ఆయన మరణించాడు.

నోరా వెళ్లిన తర్వాత

చైనాలో 1918లో 'న్యూ యూత్' పత్రిక మేధావి హు షి ఆధ్వర్యంలో ఇబ్సెన్ ప్రత్యేక సంచిక వెలువరించింది.  1923లో బీజింగ్ మహిళా కళాశాలలో రచయిత లూ షున్ చేసిన ప్రసంగం ఇబ్సెన్ వదిలేసిన చోట మొదలైంది. చేతిలో డబ్బు లేని నోరాకు పతనం కావడమో తిరిగి రావడమో తప్ప మరో దారి లేదని, ఆర్థిక హక్కు లేకుండా గడప దాటడం విముక్తి కాదని ఆయన వాదించాడు. క్రోన్లు, ఓరెలతో మొదలై ప్రోనోటుతో నడిచిన నాటకానికి ఇంతకంటే దగ్గరి విమర్శ అరుదు. తెలుగులో, తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నార్ రాసిన 'తప్పెవరిది'లో ఇబ్సెన్ ప్రభావాన్ని విమర్శకులు గుర్తించారు.

మన దేశంలో అందరికీ తెలిసిన అనుసరణ 'ఎనిమీ ఆఫ్ ది పీపుల్' ఆధారంగా 1989లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమా 'గణశత్రు'. స్నానశాలల స్థానంలో గుడి తీర్థం వచ్చింది, ఊరి ఆదాయానికి భక్తి తోడైంది. ముగింపు మళ్లీ మారింది. ఇబ్సెన్ డాక్టర్ ఒంటరిగా నిలిచినవాడే అందరికంటే బలవంతుడని ప్రకటించి ఆగుతాడు. రాయ్ డాక్టర్‌కు బయట యువకులు తన పేరుతో చేస్తున్న నినాదాలు వినిపిస్తాయి. 1880లో ముగింపు మార్చిన జర్మన్ వేదిక ప్రేక్షకులు నొచ్చుకోకుండా చూసింది. రాయ్ చేసిన మార్పు మరో రకం: ఇబ్సెన్ నమ్మకం పెట్టుకోని జనంలోనే ఆయన డాక్టర్‌కు మద్దతు వెతికాడు.